ఆర్లో బ్రెకె పేరు మీద అమ్మిన తూటాలు

వెండెల్ స్ట్రాండ్ షూటింగ్ రేంజ్ బల్ల పక్కన వెల్లకిలా పడి ఉన్నాడు. కుడి చెంప లేదు.

రైఫిల్ రెండు ముక్కలైంది. ఇనుప గొట్టం ఒకవైపు, చెక్క ఒకవైపు. దూరాన గురి కాగితం మాత్రం చెక్కుచెదరలేదు.

షెరీఫ్ ఆఫీసు డిటెక్టివ్ లైల్ హౌగెన్ మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. ముప్పై ఏళ్ల కుర్రాడు. పొలాలకు కంచెలు వేసుకుని బతికేవాడు. ఆదివారం సరదాగా గురి చూసుకుందామని వచ్చాడు.

"మిగతా తూటాలేవి?"

డ్వేన్ ప్రూయిట్ ముందుకొచ్చాడు. ఊళ్లో తుపాకుల షాపు అతనిదే. "నదిలో పారేశాను డిటెక్టివ్. ఇంకొకడు చావకూడదు కదా."

"సాక్ష్యాన్ని నదిలో పడేశావా?"

"ప్రాణాలు ముందు, సాక్ష్యం తర్వాత."

"మహానుభావుడివి! ఎవరు నింపిన తూటాలవి?"

"ఆర్లో బ్రెకె."

హౌగెన్ లేచి నిలబడ్డాడు. మోంటానాలోని ఆ మూలన తండ్రి కొడుక్కి నేర్పే మొదటి మాట ఒకటే. మరొకడు ఇంట్లో మందు కూరి నింపుకున్న తూటా నీ తుపాకీలో పెట్టకు. ఆ మాటను ఆర్లో ఒక్కడి కోసమే జనం పక్కన పెట్టేవారు. ఆయన చేయి అంత నమ్మకం. క్రిస్మస్ ముందు పోయాడు.

"ముసలాడికి చివర్లో మతి పోయింది," అన్నాడు ప్రూయిట్. "తూటాల్లోకి ఆ పాత మిలటరీ తుపాకి మందు తప్ప ఇంకోటి ముట్టేవాడు కాదు. తుంచిన సేమ్యాలా పొడుగు పొడుగు పుల్లలు. ఈ కౌంటీలో ఇంకెవడి దగ్గరా లేదా చెత్త. కుళ్లిపోయుంటుంది."

"అమ్మింది నువ్వేగా?"

"ఆయన పెళ్లాం ఇనెజ్ అమ్మమంది, అమ్మాను. ఎలా వచ్చినవి అలాగే. ఒక్కటి విప్పితే ఒట్టు."

హౌగెన్ ఆర్లో ఇంటికి చేరేసరికి వాకిట్లో కేకలు. వెండెల్ తండ్రి మెర్ల్ మెట్ల కింద నిలబడి ఊగిపోతున్నాడు.

"నీ మొగుడు నా కొడుకుని చంపాడు! తూటాలు అమ్ముకుని తిన్నావు! కోర్టుకీడ్చి ఈ ఇల్లు వేలం వేయించకపోతే నా పేరు మెర్ల్ కాదు!"

ఇనెజ్ తలుపు పట్టుకుని నిలబడింది. ఏడవడం లేదు. ఆమెకు మిగిలినవి ఆ ఇల్లూ, ఆయన పేరూ. రెండింటినీ ఒకే నోటితో లాగేసుకుంటున్నాడు.

"మెర్ల్, బండెక్కు," అన్నాడు హౌగెన్.

"నువ్వూ దీని పక్కనేనా?"

"నీ కొడుకు పక్కన. పో."

వంటగదిలో ఇనెజ్ కాఫీ పోసింది.

"నేను అమ్మమనలేదు నాయనా. ఆయన పోయాక ఆ తూటాల డబ్బాలను ఏం చెయ్యాలో తోచలేదు. మా తమ్ముడు పూడ్చిపెట్టమన్నాడు. చర్చిలో ఒకాయన నదిలో పడెయ్యమన్నాడు. డ్వేన్ వచ్చి, ఒక్కొక్కటీ విప్పేసి మందు పారబోస్తాలే అన్నాడు. సరే, విప్పెయ్యమన్నాను."

"ఎవరైనా విన్నారా?"

"కాఫీ తాగుతూ అనుకున్న మాటకు సాక్షులెవరుంటారు?"

మాటకు మాట. షాపువాడి మాటే నెగ్గుతుంది. హౌగెన్‌కు ఒళ్లు మండింది.

మర్నాడు పొద్దున అతను ప్రూయిట్ షాపు వెనక్కు వెళ్లాడు. ఏప్రిల్ నెల. మంచు కరిగి పెరడంతా గడ్డి ఎండిన చాప రంగులో పడుంది. గోడ వారన మాత్రం ఒక చార. ముదురాకుపచ్చ. మడమ మునిగేంత ఎత్తు.

హౌగెన్ వంగాడు. గడ్డి వేళ్లతో విడదీశాడు. అక్కడ దొరికింది అరచేతిలోకి ఏరుకున్నాడు.

తర్వాత ఇనెజ్‌కూ మెర్ల్‌కూ ఫోన్ చేశాడు. ఇద్దరూ వచ్చారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ప్రూయిట్ కాఫీ కప్పుతో బయటికొచ్చాడు.

"ఏంటి బాస్, పొద్దున్నే పంచాయితీ?"

"గడ్డి బాగా పెంచావే డ్వేన్. ఎరువేంటి?"

"ఏదో... పాత తుపాకి మందు. అందరూ పోసేదే."

"అవును. మా నాన్న టమాటాలకు పోసేవాడు. పాత మందు చెత్తబుట్టలో పడెయ్యడానికి ఇక్కడ ఎవడికీ చేయి రాదు. నీకూ రాలేదు."

హౌగెన్ అరచేయి చాచాడు. మట్టి అంటిన నల్లటి పుల్లలు. తుంచిన సేమ్యాలా, పొడుగ్గా.

ప్రూయిట్ కప్పు దించాడు. "అది నా మందు. నా షాపులోది."

"ఈ కౌంటీలో ఇంకెవడి దగ్గరా లేదన్నావుగా! ఆర్లో తూటాల్లోంచి తప్ప ఇది ఇక్కడికెలా వచ్చింది? విప్పావు. అన్నీ విప్పావు. ఆయన ఇత్తడి గొట్టాలు, ఆయన బుల్లెట్లు ఉంచుకుని నీ మందు నింపావు. ఆయన డబ్బాల్లో పెట్టావు. నీ పేరు చెబితే ఒక్కడూ కొనడు. ఆర్లో పేరు చెబితే ఎగబడతారు. వెండెల్‌ను చంపింది ముసలాడి తూటా కాదు, నీది. అది బయటపడుతుందనే మిగతావి నదిలో పారేశావు."

"చూడు, నేను కావాలని..."

"ఎలా జరిగింది?"

ప్రూయిట్ నేల చూపులు చూశాడు. "నింపుతుంటే ఫోనొచ్చింది. ఒకదాంట్లో మందు రెండుసార్లు పోశానేమో."

"తెలిసీ ఆపలేదా?"

"ఏ తూటాలో పోశానో తెలిస్తేగా! అన్నీ మళ్లీ విప్పాలంటే... బద్ధకించాను."

మెర్ల్ మీదికి ఉరికాడు. హౌగెన్ అడ్డం పడకపోతే అక్కడే ఇంకో శవం లేచేదే. సంకెళ్లు పడ్డాయి. కారులోకి ఎక్కించేటప్పుడు ప్రూయిట్ తల తలుపు అంచుకు తగలకుండా హౌగెన్ చెయ్యి అడ్డం పెట్టలేదు.

ఇనెజ్ అప్పుడు నోరు విప్పింది. "నేలమాళిగలో ఇంకో డబ్బా ఉంది. ఆయన నింపినదే. కనపడక మిగిలిపోయింది."

మెర్ల్ టోపీ తీశాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కోపం ఇంకా దిగలేదు. క్షమించమని అడగడం ఆ మనిషికి చేతకాదు.

"షాపువాళ్లెవరికీ ఇవ్వకు," అన్నాడు. "నేనే వస్తా. నీ వంటింటి బల్ల మీద, నువ్వు చూస్తుండగా, ఒక్కొక్కటీ నేను విప్పుతా."

"కాఫీ పెడతాను," అంది ఇనెజ్.