రెంజల్ మూడో నంబరు

స్నేహలత మూడోసారి లెక్కపెట్టింది. మూడోసారీ అదే వచ్చింది.

మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టి పది నిమిషాలైంది. ఆరో తరగతి పిల్లలంతా కంచాలు పట్టుకుని వరండాలోకి పరుగెత్తారు. స్నేహలత మాత్రం బెంచీ మీద నోటుబుక్కు పరుచుకుని పెన్ను మూత కొరుకుతూ కూర్చుంది. ఆకలి వేస్తోంది. కానీ ఆ అంకె ఆమెను లేవనివ్వడం లేదు.

"మొదటి మ్యాచ్‌ల పదికి రెండు. ఆఖరి మ్యాచ్‌ల పదికి తొమ్మిది! గిట్లెట్ల అయితది?" అని తనలో తనే గొణుక్కుంది.

ఆ నోటుబుక్కు సంగతి ముందు చెప్పాలి. ఈ ఏడు బోధన్‌లో వాన పట్టిందంటే వదల్లేదు. బడి గ్రౌండ్ నిండా నీళ్లు. గోల్‌పోస్టుల మధ్య కప్పలు హాయిగా మ్యాచ్ ఆడుకుంటున్నాయి. ఆఫీసు గదిలో మేకుకు కొత్త ఫుట్‌బాల్ వేలాడుతోంది. దాన్ని ఇంతవరకు ఒక్క కాలూ తాకలేదు. "సార్, ఇయ్యాలన్న ఆడుదమా?" అని రోజూ అడిగి పిల్లలు పీఈటీ దేవిదాస్ సార్ ప్రాణం తోడేశారు. చివరికి ఆయన ఒక డబ్బా నిండా చింతగింజలు తెచ్చారు.

"గ్రౌండ్ ఆరేదాక వరండల ఆడుదం. ఈ గింజలే ప్లేయర్లు. లీగ్ పెడదం," అన్నారు.

జట్టుకు ఐదు గింజలు. ప్రతి గింజనూ ఒక పక్క తెల్లగా అయ్యేదాకా బండకు రుద్ది, ఆ తెలుపు మీద పెన్నుతో నంబరు వేశారు. గింజలను విసిరినప్పుడు ఏది తెల్లగా పడితే ఆ ప్లేయర్ బాల్ అందుకున్నట్టు. ఒకేసారి నాలుగు తెల్లగా పడితే గోల్! మ్యాచ్‌కు పదిసార్లు విసరాలి. ఒక్కటే గట్టి షరతు. రుద్దడం మొదటిరోజే, అందరి ముందే. ఆ తర్వాత గింజను బండకు రుద్దితే జట్టు ఔట్.

పిల్లలు తమ ఊళ్ల పేర్లే జట్లకు పెట్టుకున్నారు. కోటగిరి జట్టు శాంతి కుమార్‌ది. రెంజల్ జట్టు సుమనది. స్నేహలత ఏ జట్టూ వద్దంది. నోటుబుక్కు కావాలంది. ఏ గింజ ఎన్నిసార్లు తెల్లగా పడిందో టిక్కులు పెట్టడమే ఆమె పని. ఆమెకు లెక్కపెట్టడమంటే అంత పిచ్చి. ఉప్మాలో పల్లీలు కూడా లెక్కపెట్టి తింటుంది.

ఆరు వారాల లీగ్ నిన్ననే ముగిసింది. కోటగిరి గెలిచింది. మెరుపు కాగితం చుట్టిన స్టీలు గ్లాసే కప్పు. దాన్ని శాంతి కుమార్ నిన్నటి నుంచి చేతిలోంచి దించడం లేదు. నిన్ననే దేవిదాస్ సార్ ఇంకో మాట చెప్పారు.

"మొదట్నుంచి చివరిదాక బాగా మెరుగైన ప్లేయర్ ఎవరో స్నేహలత చూసి మూడు రోజులల్ల చెప్తది. ఆ ప్లేయర్ ఎవరిదైతే, గ్రౌండ్ ఆరినంక కొత్త బాల్‌ను మొదట తన్నేది వాళ్లే."

ఆ మాటతో క్లాసంతా ఒక్కసారి గుప్‌చుప్ అయింది. స్టీలు గ్లాసు ఎవరికి కావాలి? ఆ మొదటి తన్ను కావాలి అందరికీ.

ఇప్పుడు చూస్తే, చాలా గింజలు ఐదు నుంచి ఆరుకో, ఆరు నుంచి ఐదుకో వచ్చాయి. ఒక్క రెంజల్ మూడో నంబరే రెండు నుంచి తొమ్మిదికి ఎగిరింది.

స్నేహలత వరండాలోకి వెళ్లింది. సుమన ఓ మూలన కూర్చుని అన్నం తింటోంది. సుమన నెమ్మది పిల్ల. పది మాటలకు ఒక మాట బదులిస్తుంది.

"సుమనా, నీ మూడో నంబరు గింజ జర సూపియ్."

సుమన ఎడమ చేత్తో జేబులోంచి గింజ తీసి ఇచ్చింది. స్నేహలత దాన్ని తిప్పి చూసింది. గోధుమ రంగు పక్క నడుమ బల్లపరుపుగా అరిగిపోయి ఉంది. అందుకే అది ఎప్పుడూ ఆ పక్క మీదే కూర్చుని తెలుపు పైకి చూపిస్తోంది!

"రుద్దినవ్ గదనే!" ఆలోచించేలోపే మాట నోట్లోంచి వచ్చేసింది. "సూడుర్రి, ఎట్ల అరిగిందో!"

పిల్లలంతా మూగారు. శాంతి కుమార్ గ్లాసును స్పూనుతో టంగుమనిపించాడు. "చీటింగ్! రెంజల్ ఔట్!"

"నేను రుద్దలే," అంది సుమన.

"మరెట్ల అరిగింది?"

సుమన ఏదో చెప్పబోయింది. కానీ చుట్టూ అప్పటికే "చీటర్, చీటర్" అని లొల్లి మొదలైంది. ఆమె కంచం పక్కన పెట్టింది. మిగిలిన నాలుగు గింజలు కూడా తీసి స్నేహలత చేతిలో పెట్టింది. సగం అన్నం వదిలేసి క్లాసులోకి వెళ్లిపోయింది. సాయంత్రందాకా తల ఎత్తలేదు.

మోసం పట్టుకున్నందుకు స్నేహలతకు సంతోషంగా ఉండాలి. కానీ లేదు. ఇంటికి పోయే దారిలో ఆమెను ఒక ప్రశ్న పట్టుకుంది. మోసం చేసేవాళ్లు ఐదు గింజలూ రుద్దుకుంటారు కదా? ఒక్కదాన్నే ఎందుకు రుద్దుతారు?

ఇంటికి రాగానే పుస్తకాల సంచీ పక్కన పడేసి, వంటింట్లోంచి ఒక చింతగింజ తెచ్చింది. ఒక పక్క తెల్లగా రుద్దింది. రెండో పక్క కూడా నడుమ అరిగేలా రుద్దింది. తర్వాత దాన్ని, సుమన గింజను పక్కపక్కన పెట్టి చూసింది. రెండూ ఒకలాగే ఉన్నాయా? లేవా?

"ఏం జేస్తున్నవే, తిండి లేదు తిప్పల్లేదు?" అంటూ నాయనమ్మ ముత్తవ్వ వచ్చింది. చింతగింజలు విసిరి ఆడే పచ్చీసు ఆటలో వీధిలో ఆడవాళ్లందరినీ ఓడించేది ఆమే.

"అవ్వా, గీ రెండు గింజలు ఎట్లున్నయో చెప్పు."

ముత్తవ్వ కళ్లద్దాల కోసం కూడా వెతకలేదు. బొటనవేలితో తడిమింది. "గిది నువ్వు రుద్దినవ్. గరుకున్నది, గీతలు పడ్డయ్. గిదేమో రుద్దింది గాదు బిడ్డా. ఆడింది."

"ఆడింది అంటే?"

ముత్తవ్వ తన డబ్బీ తెచ్చి పచ్చీసు గింజలు ఒళ్లో పోసింది. అన్నీ నున్నగా, అంచులు మొండిగా, నడుమ అరిగి ఉన్నాయి. అచ్చం సుమన గింజలాగే!

"పన్నెండేండ్ల సంది ఏస్తున్న. ఏసి ఏసి గిట్లయినయ్."

"కానీ గిది ఆరు వారాలదే అవ్వా!"

"అట్లనా? అయితే ఆ పిల్ల మస్తు ఏసింది." ముత్తవ్వ గింజను తిరిగి ఇచ్చింది. "ఎవలిదో గాని, ఆమెను అడిగితే అయిపోతది గదా. అడిగినవా?"

స్నేహలత తల దించుకుంది. "అడగలే. అందరి ముందట అన్న గాని, అడగలే."

మర్నాడు సాయంత్రం బడి వదలగానే ఆమె బస్టాప్‌కు వెళ్లింది. రెంజల్ బస్సు రావడానికి ఇంకా గంట ఉంది. సుమన సిమెంటు గద్దె మీద ఒక్కతే కూర్చుంది. చేతిలో ఏమీ లేదు. అయినా మణికట్టు దానంతట అదే కదులుతోంది, గింజ విసురుతున్నట్టు.

స్నేహలత పక్కన కూర్చుంది. "సుమనా, నిన్న అడిగినట్టు గాదు. నిజంగ తెలుసుకుందమని అడుగుతున్న. గింజ ఎట్ల అరిగింది?"

సుమన మణికట్టు కదలడం ఆగింది. ఓ ట్రాక్టర్ బురద చిమ్ముకుంటూ పోయింది. అప్పుడు మెల్లగా అంది.

"మిగతా నాలుగు మంచిగనే ఆడుతుండె. మూడో నంబరే అస్సలు పడకపోతుండె. గందుకే దాన్నొక్కదాన్నే రోజు ఈ గద్దె మీద ఏసేదాన్ని. ప్రాక్టీస్ చేపిస్తే వస్తదేమో అని."

"గింజకు ప్రాక్టీసా?"

"నవ్వకు."

"నవ్వుతలే." నిజంగానే ఆమెకు నవ్వు రాలేదు. "ఎన్నిసార్లు ఏసినవ్?"

"నాకేమెరుక? బస్సు వచ్చేదాక ఏసుడే."

స్నేహలత తల ఊరుకోలేదు. రోజుకు తక్కువలో తక్కువ రెండొందలు. ముప్పై ఆరు రోజులు. ఏడు వేల రెండొందలు! అందులో ఒక్కదానికీ తన నోటుబుక్కులో టిక్కు లేదు. తను చూసినవే లెక్క అనుకుంది. ఆమెకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"నాది గల్తి అయింది సుమనా. ఇగో, నీ గింజలు."

సుమన చేయి చాపలేదు. "ఇక్కడ ఎవ్వరు లేరు. నువ్వు అన్నది అందరి ముందట."

బస్సు వచ్చింది. సుమన ఎక్కి వెళ్లిపోయింది. గింజలు స్నేహలత గుప్పిట్లోనే మిగిలాయి.

మరుసటి రోజు దేవిదాస్ సార్ క్లాసులోకి వచ్చి, "ఏం స్నేహలతా, ఎవరు మెరుగైండ్రు?" అన్నారు.

స్నేహలత ముందుకు వచ్చి నిలబడింది. రాత్రి అనుకున్న మాటలన్నీ మర్చిపోయింది. ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"సార్, మొన్న నేను సుమనను అందరి ముందట గింజ రుద్దినవ్ అన్న. అడగకుండనే అన్న. ఆమె రుద్దలే. నేనే తప్పు."

క్లాసులో గుసగుసలు లేచాయి. ఆమె రెండు గింజలు తీసి శాంతి కుమార్ చేతిలో పెట్టింది. "ఒకటి నేను రుద్దింది, ఒకటి సుమనది. వేలు పెట్టి సూడు." బస్టాప్‌లో విన్నదంతా చెప్పింది. ఏడు వేల రెండొందల లెక్క బోర్డు మీద వేసి చూపించింది.

శాంతి కుమార్ రెండింటినీ తడిమాడు. మళ్లీ తడిమాడు. "నిజమే సార్, గిది నున్నగున్నది," అన్నాడు. వాడికీ ఒక అనుమానం వచ్చింది. "కానీ సార్, గింజ అరిగితే మెరుగైనట్టా?"

దేవిదాస్ సార్ గడ్డం గోక్కున్నారు. "నన్నడుగుతవేంది రా? సెలెక్టర్ గీడనే ఉన్నది గదా."

అందరూ స్నేహలత వైపు చూశారు.

"అన్నిట్ల ఎక్కువ ఆడింది గిదే. ఎట్ల ఆడిందో గూడ ఇప్పుడు తెలిసింది," అంది ఆమె. "రెంజల్ మూడో నంబరు."

ఐదు గింజలూ తీసుకెళ్లి సుమన బెంచీ మీద పెట్టింది. సుమన వాటిని జేబులో వేసుకుంది. నవ్వలేదు. కానీ పక్కకు జరిగి, బెంచీ మీద కొంచెం చోటిచ్చింది.

పది రోజులకు గ్రౌండ్ ఆరింది. కప్పలు ఖాళీ చేశాయి. మేకు మీది బాల్ నేల మీదికి దిగింది.

సుమన వెనక్కి నాలుగడుగులు వేసి, పరుగెత్తుకొచ్చి తన్నింది. బాల్ వంకరగా మూడడుగులు దొర్లి ఆగింది.

పిల్లలు పకపకా నవ్వారు. "బాల్ దిక్కు సూడనే లేదు! కండ్లు మూసుకున్నది! ఇది చెల్లదు, ఇంకొకలకు ఇయ్యాలె!" అని అరిచాడు శాంతి కుమార్. "స్నేహలతా, నువ్వే చెప్పు!"

స్నేహలత నోటుబుక్కు పట్టుకుని సుమన దగ్గరికి నడిచింది. "ఏమైంది?" అని అడిగింది.

"నేనెప్పుడు బాల్ తన్నలే. గిదే మొదటిసారి. భయమైంది," అంది సుమన, కాళ్ల వైపు చూస్తూ.

స్నేహలత కొత్త పేజీ తీసి రాసింది. "సుమన, మొదటి రోజు: బాల్ మూడడుగులు."

"అది రాయకే, ఇజ్జత్ పోతది!"

"మొదటి రోజుది రాసుకోకుంటే, మెరుగైనవని తర్వాత ఎట్ల తెలుస్తది?" స్నేహలత పెన్ను సుమన చేతిలో పెట్టింది. "ఇగ నాది రాయి."

"నువ్వు తన్నుతవా?"

స్నేహలత కూడా ఎప్పుడూ బాల్ తన్నలేదు. ఇన్నాళ్లూ పక్కన కూర్చుని టిక్కులు పెట్టిందంతే. నాలుగడుగులు వెనక్కి వేసింది. ఊపిరి బిగబట్టి పరుగెత్తుకొచ్చి కాలు విసిరింది.

బాల్ ఉన్నచోటే ఉంది. చెప్పు ఎగిరి గోల్‌పోస్టు దగ్గర పడింది.

సుమన నవ్వింది. ఈ ఏడాదిలో ఎవరూ వినలేదు అంత గట్టిగా నవ్వడం. నవ్వు ఆపుకోలేకనే, వంకర అక్షరాలతో రాసింది.

"స్నేహలత, మొదటి రోజు: చెప్పు ఇరవై అడుగులు. బాల్ సున్నా."