పెళ్ళికూతురి మొహానికి కోడె కొవ్వు

పొద్దున్నే టీలోకి పాలు తీసుకుందామని వంటింట్లో అడుగుపెట్టిన రబీగా ముక్కుపుటాలు అదిరాయి. పొయ్యి మీద పెద్ద మూకుడులో కొవ్వు కరుగుతోంది. పక్కనే పీట మీద కూర్చుని అత్తగారు బల్కియా చెక్కగరిటెతో కలుపుతూ కూనిరాగం తీస్తోంది. చలికాలం మాంసానికని మొన్ననే కోడెను కోశారు. మూత్రపిండాల చుట్టూ ఉండే తెల్లని కొవ్వును మాత్రం ఆవిడ ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా దాచుకుంది.

"అత్తయ్యా, ఇంట్లో పెళ్ళి పెట్టుకుని ఈ కంపేమిటి?"

"కంపు కాదే, మందు. ఉప్పునీళ్ళు పోసి సన్నసెగన కాచి, పేరబెట్టి, అడుగున మడ్డి గీకేసి మళ్ళీ కాస్తే నీ ముక్కుకి దొరకమన్నా దొరకదు. పిల్ల మొహానికి."

పిల్లంటే తోర్గిన్, రబీగా కూతురు. గుర్రమెక్కి గొర్రెలమంద వెంట తిరిగిన పిల్ల కాబట్టి ఎండకీ గాలికీ బుగ్గలు కమిలి రాగిరంగుకి తిరిగాయి. పెళ్ళికూతురు తెల్లగా ఉండాలని రబీగాయే పట్నం బజారులో తెల్లబరిచే క్రీము కొనితెచ్చి, దగ్గరుండి పూయించింది. తెలుపు రాలేదు సరికదా, చర్మం ఎర్రగా మండి పొరలు పొరలుగా లేచిపోయింది. క్రీము మానేసి, చర్మం ఎండిపోకుండా చూసుకుంటే అదే మానుతుందని ఆసుపత్రి నర్సు చెప్పింది. ఆ మాట పట్టుకుని ముసలావిడ రంగంలోకి దిగింది.

మర్నాడు తోర్గిన్ నిగనిగలాడే మొహంతో టీకి వచ్చి కూర్చునేసరికి రబీగా ఆగలేకపోయింది.

"వెళ్ళి మొహం కడుక్కురా! ముసుగు తీసే వేళ పెళ్ళికొడుకు నాయనమ్మ, ఆ ఉర్కియా అవ్వ, దీవిస్తూ నీ నుదుటికి ముక్కానించి వాసన చూస్తుంది, తెలుసా? 'కోడల్ని పంపమంటే పశువుల కొట్టంలోంచి ఏం తోలుకొచ్చారర్రా' అని అంతమందిలో అనేస్తుంది. ఆవిడ నోటికి జడవని వాళ్ళు ఆ ఊళ్ళో లేరు."

"కొత్తకోడలు పొయ్యిలో కొవ్వు పోసి 'కొవ్వు తల్లీ, చల్లగా చూడు' అని మొక్కుతుంది కదే," అంది బల్కియా. "నీ పెళ్ళిలో నువ్వు ముక్కు మూసుకున్నావా?"

"అది మొక్కు, ఇది మొహం! తినేవి తినాలి, రాసుకునేవి రాసుకోవాలి. మీ కాలం కాదిది అత్తయ్యా."

"అమ్మా," అంది తోర్గిన్ నెమ్మదిగా. "నీ క్రీము గులాబీల వాసనే వేసింది. తువ్వాలుతో తుడుచుకుంటే తోలూడొచ్చింది. నాయనమ్మ ఇది రాశాకే మంట తగ్గి కాస్త నిద్రపట్టింది. నేను కడుక్కోను."

ఆ మాట రబీగాకు సూటిగా తగిలింది. తగిలింది కాబట్టే కోపం ఇంకా పెరిగింది. కిటికీ గూట్లో ఉన్న కొవ్వుగిన్నె తీసుకెళ్ళి వాకిట్లో విసురుగా పెట్టేసింది. ఇంటి కుక్క సంబరంగా వచ్చి, గిన్నె అడుగు మెరిసేదాకా నాకింది.

బల్కియా మిగిలిన కొవ్వు తెచ్చుకుని, నడుం పట్టుకుంటూ పీట మీద కూలబడి, మళ్ళీ సన్నగా తరగడం మొదలుపెట్టింది. ఆవిడ తిట్టి ఉంటే రబీగాకు తేలిగ్గా ఉండేది. తిట్టలేదు కాబట్టి ఆ పూట టీ కూడా తాగకుండా లేచిపోయింది.

పెళ్ళినాటికి తోర్గిన్ బుగ్గల మీద పొరలు పోయాయి. రాగిరంగు మాత్రం అలాగే ఉంది. రబీగా మనసు నిమ్మళించక చేతిసంచిలో సెంటుసీసా పెట్టుకునే బయల్దేరింది. మగపెళ్ళివారి గుమ్మం ముందు కారు ఆగగానే మూత తీసింది. కూతురు తల్లి చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దమ్మా. మండుతుంది." తీసిన మూత వృథా కాకుండా రబీగా తనకే నాలుగు చుక్కలు అద్దుకుంది.

పాటగాడు దోంబ్రా తీగలు మీటుతూ ఆ ఇంటి పెద్దల పేర్లు ఒక్కొక్కటే పాడాడు. పేరుపేరుకీ పెళ్ళికూతురు వంగి దణ్ణం పెట్టింది. ముసుగు తొలిగింది. తోర్గిన్ పొయ్యిలో గరిటెడు కొవ్వు పోయగానే మంట భగ్గుమని లేచింది. పెళ్ళికొడుకు నాయనమ్మ ఉర్కియా ఆ మంట మీద అరచేతులు కాచుకుని కొత్తకోడలి బుగ్గలు నిమిరింది. పచ్చి చర్మమైతే ఆ వేడికీ, ఆ గరుకు చేతులకీ పిల్ల ఉలిక్కిపడాలి. అత్తారింటి పొయ్యి దగ్గరే జంకిందని జీవితాంతం మాట పడాలి. తోర్గిన్ కదలనైనా కదల్లేదు. రబీగా హమ్మయ్య అనుకునేలోపే ఉర్కియా వంగి పిల్ల నుదుటికి ముక్కానించింది.

పీల్చింది. ఆగింది. కనుబొమలు ముడిచి మళ్ళీ పీల్చింది. పాటగాడు తీగల మీద చెయ్యి ఆపేశాడు.

"ఈ పిల్ల మొహానికి ఏం రాశారు?"

రబీగా నాలుక చివరిదాకా అబద్ధం వచ్చేసింది. ఏదో ఒక విదేశీ క్రీము పేరు చెప్తే సరిపోయేది. కానీ మూలన చుట్టాల మధ్య కూర్చున్న అత్తగారు కనిపించింది. కొవ్వు తరుగుతుంటే కత్తికి తెగిన వేలికి ఆవిడ చుట్టుకున్న గుడ్డపీలిక కనిపించింది. రబీగా లేచి నిలబడింది.

"కోడె కొవ్వండీ. మా అత్తయ్య కాచింది. నేను కుక్కపాలు చేస్తే మళ్ళీ కాచింది. నేను కొన్న క్రీముతో పిల్ల మొహం కాలిపోతే, ఆవిడే చూసుకుంది."

"కొవ్వా? మరి దాని వాసనేదీ?" ఉర్కియా గొంతు ఇల్లంతా మోగింది. "అందుకే కదూ అడుగుతున్నాను! ఈ ఇంటికొచ్చిన ప్రతి పిల్లనీ వాసన చూశాను. ఒకతె గులాబీల సీసా, ఇంకొకతె నిమ్మకాయల సీసా. ఇన్నాళ్ళకి నా ముక్కుకి మనిషి పిల్ల దొరికింది!"

ఇల్లంతా గొల్లున నవ్వింది. ఉర్కియా తిన్నగా బల్కియా ముందుకు నడిచి, బీటలు వారిన రెండు చేతులూ చాపింది. "వదినా, నీకు పుణ్యముంటుంది. నాకూ ఓ డబ్బాడు కాచి పంపవూ?"

"మాకూ పిన్నీ!" అని వెనకనుంచి సీసాల కోడళ్ళు అందుకున్నారు.

"వరసలో రండర్రా," అంది బల్కియా గడ్డం పైకెత్తి. "ఒక్క కోడెకి ఎంతని ఉంటుంది!"

రబీగా జనాన్ని తోసుకుంటూ వెళ్ళి అత్తగారి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "అత్తయ్యా, నన్ను..." అంటుండగానే బల్కియా కోడలి తల దగ్గరికి లాక్కుని, అంతమంది ముందూ నుదుటికి ముక్కానించి గట్టిగా పీల్చింది.

"ఛీ, సీసా కంపు," అంది. "ఇంటికి పద, నీ మొహం సంగతీ చూస్తాను."

రబీగా ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని, ఏడుస్తూ ఏడుస్తూనే నవ్వేసింది.