ఒకే రక్తం

“నీ కణాలు నాకొద్దు. ఇంకెవరివైనా దొరికితే సూద్దాం,” అన్నాడు ధనుంజయ్ యామినితో, మాస్కు వెనకనుంచి.

పలాస స్టేషన్‌లో విశాఖ రైలు కోసం ఎదురుచూస్తున్నారు. యామిని అతని మేనమామ కూతురు. ఆమె కవిటిలో పుట్టినరోజే “దీని మొగుడు ధనుంజయే” అని పెద్దలు అనేసుకున్నారు. వీళ్లిద్దరూ మాత్రం ఆ ఊసు ఎన్నడూ ఎత్తలేదు, పోట్లాడుకోవడంతోనే సరిపోయింది.

పోయిందనుకున్న బ్లడ్ క్యాన్సర్ అతనికి తిరగబెట్టింది. ఈసారి మందులు ఒక్కటే చాలవని, వేరేవాళ్ల మూలకణాలు ఎక్కించాలని డాక్టరు తేల్చేశారు. అతనికి తోడబుట్టినవాళ్లు లేరు. తరతరాల మేనరికాల పుణ్యమా అని యామిని కణాలు అచ్చంగా సరిపోయాయి. ఈ రోజే ఆసుపత్రిలో చేరాలి.

“నా కిడ్నీ కోసేస్తారని భయమేటి బావా? సేతిలోంచి రక్తం తీసి, కణాలు పట్టుకుని, మిగతాది మళ్లీ నాకే ఎక్కిస్తారు.”

“అది కాదే. నీ కణాలు ఎక్కాక నా ఒంట్లో పుట్టే రక్తమంతా నీదేనంట. ఒకే రక్తమైతే అన్నాసెల్లెళ్లేనని అమ్మమ్మ తేల్చేసింది. పెళ్లి మాట ఇంక ఎత్తొద్దంది.”

“అందుకని సచ్చిపోతావా?”

“నిన్ను సెల్లీ అని పిలుస్తా బతకలేను.”

ఇన్నేళ్లకు నోరు విప్పాడు మహానుభావుడు, అదీ ఇలాంటప్పుడు. సంబరపడాలో చెంప పగలగొట్టాలో యామినికి తోచలేదు. దూరంగా రైలు కూత వినిపించింది.

ఆమె కళ్లు తుడుచుకుని లేచి నిలబడింది.

“అన్నయ్యా, రైలొచ్చేత్తంది. లే.”

ధనుంజయ్ ముఖం పాలిపోయింది. పక్క బెంచీ మీద సంచి కాపలా కాస్తున్న అమ్మమ్మ మహాలక్ష్మమ్మ దిగ్గున లేచింది.

“ఏటే, ఏటన్నావు?”

“నువ్వు పెట్టిన వరసే నానమ్మా. ఇలా పిలిస్తే బతుకుతాడంటే బతికున్నన్నాళ్లూ ఇలాగే పిలుస్తాను.”

ముసలామె మనవరాలి వంక చూసింది. మాస్కు పైనుంచి కనిపిస్తున్న మనవడి కళ్లవంక చూసింది. యామిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి అతని చేతిలో పెట్టింది.

“తప్పు నాదేరా. పిల్లనే ఇత్తామన్నోళ్లం, రక్తానికి ఎనకాడతామేటి? బావా అనే పిలువే. పిలిసి తీసుకెళ్లు.”

రైలు ఆగింది. యామిని పిలిచేలోపే అతనే ఆమె చెయ్యి పట్టుకుని పెట్టెలోకి ఎక్కాడు.