పొయ్యిల తాత ఎవరికి చుట్టం

తమ తాత సమాధి మీద ఎవరో అమ్మాయి వోడ్కా పోస్తుంటే చూసి దౌరెన్ గబగబా నడిచాడు.

కజాఖుల గడ్డి మైదానంలోని తాస్‌కుదుక్ ఊరి పాత శ్మశానంలో పడమటి అంచున ఉంది ఆ సమాధి. దానికి రాయి లేదు, పేరు లేదు. చుట్టూ పొయ్యి ఇటుకల వరస, అంతే. ఊరు పుట్టిన కొత్తలో పోయినవాళ్ళంతా అక్కడే ఉన్నారు. కజాఖులు, కొరియావాళ్ళు, జర్మన్లు, పోలెండువాళ్ళు, తాతార్లు. గడ్డకట్టిన నేలలో గునపం ఎక్కడ దిగితే అక్కడే గొయ్యి తీశారు. అందుకే నెలవంక పక్కన సిలువ, సిలువ పక్కన కొరియా అక్షరాలు.

"ఏం చేస్తున్నారండీ? ఆయన మా తాత. మా ఇంట్లో మందు ముట్టరు."

ఆ అమ్మాయి తల తిప్పలేదు. ఉన్నది కాస్తా పోసి, నేలకు వంగి దండం పెట్టి, అప్పుడు లేచింది.

"ఈయన మా తాత. మా ఇంట్లో ముడతారు."

పేరు రిమ్మా యుగాయ్. నది అవతల ఉల్లి తోట వాళ్ళది. దౌరెన్ బడి బస్సు నడుపుతాడు. శుక్రవారం పూట నూనె రొట్టె ముక్కలు పిట్టలకని ఇటుకల మీద పెట్టిపోయేది మీరేనా, చీమలతో చస్తున్నానని ఆమె నిలదీసింది. తాత ముఖంలో తమ పోలికే ఉంటుందని అతనన్నాడు.

"మీరు చూశారా?"

"లేదు. మీరో?"

ఆమె కూడా చూడలేదు.

చిత్రమేమిటంటే రెండిళ్ళలోనూ చెప్పుకునే కథ ఒక్కటే. ఎక్కడినుంచో ఒంటరిగా వచ్చాడు. ఏ జాతివాడో, ఏ దేవుడికి మొక్కేవాడో ఎవరూ అడగలేదు. మొదటి చలికాలాల్లో గుడిసె గుడిసెకీ పొయ్యి కట్టాడు. నోట్లోంచి మాట వచ్చేది కాదు. కట్టింది నచ్చకపోతే మాత్రం, ఇంటివాళ్ళు మొత్తుకుంటున్నా, కాలితో తన్ని పడగొట్టి మళ్ళీ కట్టేవాడు. ఊళ్ళో ఎవరూ చలికి పోకూడదని ఆయన పట్టుదల.

వేసవంతా ఇటుకల యుద్ధం నడిచింది. ఆమె పడుకోబెట్టి పేర్చేది. అతను వచ్చి నిలబెట్టేవాడు. మరుసటి వారానికి అవి మళ్ళీ పడుకుని ఉండేవి. ఒక శుక్రవారం ఇటుకలు అతను పెట్టినట్టే ఉన్నాయి. ఆమెకు ఒంట్లో బాగాలేదేమోనని దౌరెన్ రోజంతా దిగాలుగా తిరిగాడు.

ఒకసారి ఇద్దరూ అక్కడ ఉండగానే వాన దిగింది. ఆ గడ్డి మైదానంలో వాన అరుదు, వస్తే దాక్కోవడానికి చెట్టు ఉండదు. ఖాళీ బస్సులో చిన్నపిల్లల సీట్లలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. బస్సంతా ఉల్లి వాసన పడుతోందని ఆమె చేతులు జేబుల్లో దాచుకుంది.

"పోయినసారి నిన్ను నది దాకా దింపినప్పటినుంచి బస్సు కడగలేదు," అన్నాడతను.

ఆమె కిటికీ వైపు తిరిగి వాననే చూసింది. 'మీరు' ఆ వానలోనే కొట్టుకుపోయింది.

ఆమె తోటలో ఉల్లి తవ్వకాలు ముగిసే రోజున, సాయానికి వెళ్ళిన దౌరెన్ భుజం మీద మూట ఉండగానే, నన్ను చేసుకుంటావా అని అడిగేశాడు. రిమ్మా నవ్వింది. ఉన్నట్టుండి నవ్వు ఆపేసింది.

"మనిద్దరికీ తాత ఒకడేగా."

దౌరెన్ మూట దించాడు. వాళ్ళింట్లో ఏడు తరాల్లో చుట్టరికం లేదని చూసుకోకుండా పిల్లని తెచ్చుకోరు. కొరియావాళ్ళూ రక్తం కలిసిన చోట పెళ్ళి మాట ఎత్తరు.

"అయితే ఆయన మీవాడే. ఇచ్చేశాను," అన్నాడు.

"నాకొద్దు. నువ్వే ఉంచుకో."

వసంతంలో నాదంటే నాదని కొట్లాడిన సమాధిని ఇప్పుడు ఒకరి మీదకి ఒకరు నెట్టుకున్నారు. అలా నెడితే తెగేది కాదని, ఆయన నిజంగా ఎవరివాడని పెద్దవాళ్ళని అడిగారు. దౌరెన్ ఇంట్లో ఉన్న సొంత తాత బొతాబాయ్ కస్సుమన్నాడు. రిమ్మా నానమ్మ అన్ఫీసా వారం రోజులు మనవరాలితో మాట్లాడలేదు.

కొరియావాళ్ళు పోయిన పెద్దలని తలుచుకునే పంట పున్నమి రోజు ఉదయం, ఆ ముసలివాళ్ళిద్దరినీ సమాధి దగ్గరికి తీసుకొచ్చారు. ముసలివాళ్ళు చెరో పక్క నిలబడ్డారు. మావాడంటే మావాడన్నారు.

"అలాగైతే మాకు పెళ్ళి లేదు తాతా," అన్నాడు దౌరెన్ మెల్లగా.

అన్ఫీసా ఇటుకల పక్కన కూలబడింది. సర్కారు సొంత ఊళ్ళనుంచి వెళ్ళగొట్టిన తమవాళ్ళని రైలు ఇక్కడి రెల్లుపొదల్లో దింపి పోయిందట. ఆమె తల్లి అప్పటికి చిన్నపిల్ల. ఈయన తన ఒక్క గదీ వాళ్ళకిచ్చి తలుపు దగ్గర పడుకున్నాడట. బొతాబాయ్ నేల చూస్తూ తనదీ చెప్పాడు. కరువులో దారి పక్కన దొరికిన పసివాణ్ణి ఈయనే కోటు లోపల పెట్టుకుని తెచ్చాడు. ఆ పసివాడే బొతాబాయ్ తండ్రి. పొయ్యిల తాతకి పెళ్ళే కాలేదు. ఆయనతో రక్తసంబంధం ఎవరికీ లేదు. ఆ సంగతి ముసలివాళ్ళిద్దరికీ ముందే తెలుసు. ఆయన ముందు ఆ మాట అనడానికే నోరు రాలేదు.

"నువ్వను," అంది అన్ఫీసా.

"నావల్ల కాదమ్మా."

ఆమె ఇటుక మీద చెయ్యి వేసింది.

"పొయ్యిల తాతా, ఈ పిల్లల కోసం ఒక్క మాట అంటాను. మనసులో పెట్టుకోకు. నువ్వు మాకు ఏమీ కావు." అనేసి, ఆ ఇటుకని గబగబా తలగుడ్డ అంచుతో తుడిచింది, చెంప తుడిచినట్టు.

బొతాబాయ్ రెండుసార్లు దగ్గాడు. "మాకూ... ఏమీ కావు. కానీ ఇప్పుడు మా కోడలి తరఫు పెద్దవాడివి అవుతావు."

"అయితే పిల్లనిస్తాడో లేదో ఆయన్నే అడుగు," అంది అన్ఫీసా.

ముసలాయన టోపీ సర్దుకున్నాడు. గొంతు సవరించుకుని, సంబంధం అడగడానికి వెళ్ళినవాళ్ళు గడపలో అడిగినట్టే, మర్యాదగా, మా మనవడికి మీ రిమ్మాని ఇవ్వమని అడిగాడు.

అందరూ ఆగారు. గాలికి గడ్డి కదిలింది.

"ఏమన్నాడు?" అన్నాడు దౌరెన్.

రిమ్మా ఇటుకల వరస చూస్తోంది. కొన్ని పడుకుని ఉన్నాయి, కొన్ని నిలబడి ఉన్నాయి.

"నచ్చకపోతే ఈపాటికి తన్నేవాడు."