రెండు ఊళ్లకు ఒకే వకాల్తా

కోదాడ బంగ్లా వరండాలో వాన జల్లుకు తడవకుండా మిగిలింది ఒక్కటే కుర్చీ. ఆనందం, ఎవరో ఒక అమ్మాయి ఒకేసారి దాని మీద చెయ్యి వేశారు.

"నేను ముందొచ్చిన," అన్నాడు ఆనందం.

"చెయ్యి నాదే ముందు పడ్డది. నల్లకోటు తొడిగితే కుర్చీలన్నీ మీవేనా వకీలు సాబ్?"

నవ్వాలో కోప్పడాలో తెలియక అతను కుర్చీ వదిలేశాడు. ఆమె కూర్చోకుండా దాని మీద గొడుగు ఆరబెట్టింది!

ఆమె సూర్యాపేట మున్సిపల్ మెంబర్ సరోజన. అతను మిర్యాలగూడ టౌన్ కమిటీ పంపిన కుర్ర వకీలు. వచ్చిన పని ఇద్దరిదీ ఒకటే. అసెంబ్లీలో పట్టణాల బిల్లు పెండింగ్‌లో ఉంది. అది అలాగే పాసైతే, ఏ ఊళ్లోనైనా వీధిలో ఒక్క నీళ్ల నల్లా పెట్టాలన్నా హైదరాబాదు ఆఫీసరు అనుమతి కావాలి. ఆ బిల్లు మీద ఊళ్ల అభిప్రాయాలు వినడానికి ఎమ్మెల్యేల కమిటీ ఆ రోజు కోదాడలో దిగింది.

వార్డుకు నల్లా తెస్తానని మాట ఇచ్చి గెలిచిన సరోజనకు ఇది పరువు సమస్య.

లోపల కమిటీ ముందు ఆమె, "మా పేట పెద్ద ఊరు, మాకు మినహాయింపు ఇయ్యుండ్రి. మిర్యాలగూడకు నీళ్లకేం తక్కువ?" అంది. ఆనందం ఊరుకుంటాడా? "బియ్యం మిల్లుల ఊరు మాది, ఇస్తే మాకియ్యాలె," అన్నాడు.

కమిటీ అధ్యక్షుడు కళ్లజోడు తీసి ఇద్దరినీ చూశాడు. "ఊరికో చట్టం చేయమంటారా? శనివారం మళ్లీ ఇటే వస్తాం. రెండు ఊళ్లూ ఒక మాట మీదికి రండి. లేకపోతే బిల్లు ఉన్నది ఉన్నట్టే పోతుంది."

బయటికి రాగానే సరోజన గయ్యిమంది. "మొత్తం మీరే ఖరాబు చేసిన్రు."

"మా ఊరికి నీళ్లకేం తక్కువ అన్నదెవరు? ఎన్నడన్న వచ్చి సూసిన్రా?"

"మీరు మా గల్లీ సూసిన్రా? ముందు మీరు రాండ్రి!"

పౌరుషం కొద్దీ ఆనందం మర్నాడే సూర్యాపేట బస్సెక్కాడు. సరోజన మర్యాదలేవీ చెయ్యలేదు. బావి దగ్గరికి తీసుకెళ్లి చేంతాడు చేతికిచ్చింది. నాలుగు బిందెలు నిండేసరికి అతని అరచేతులు బొబ్బలెక్కాయి. వెనక వరుసలో నిలబడ్డ ముసలి సైదమ్మ, "సరోజనా, కొత్తల్లుణ్ని తొలినాడే గిట్ల సతాయిస్తరా బిడ్డా?" అంది.

వరుసంతా ఘొల్లుమంది. "నీ నోరు పాడుగాను!" అని సరోజన కసిరిందే కానీ, ఆమె చెవులు ఎర్రబడడం ఆనందం చూశాడు. బొబ్బల మంట ఎటు పోయిందో!

తరువాత సరోజన తన తండ్రి రామచంద్రయ్యను వెంటబెట్టుకుని మిర్యాలగూడ వచ్చింది. మిల్లు వెనక, వడ్లు నానబెట్టి వదిలిన నీళ్ల కోసం కూలీల ఆడవాళ్లు కుండలతో కాచుక్కూర్చున్నారు. ఆ పులిసిన వాసనకు ఆమె ముక్కు మూసుకోలేదు.

"వీళ్లకే మొదలు రావాలె నల్లా," అంది.

ఆనందం ఆమెను ప్రేమించింది సరిగ్గా అప్పుడే. చెప్పే ధైర్యం మాత్రం కోర్టులో వదిలేసి వచ్చాడు. అక్కడే నిలబడి ఇద్దరూ ఒక్క కోరిక తేల్చారు. ఊరు తన ఖర్చుతో పెట్టుకునే నల్లాకు ఊరి తీర్మానమే చాలని చట్టంలో రాయాలి. అది ఏ ఊరికైనా.

శనివారం కోదాడలో మళ్లీ తంటా. ముందు ఎవరు మాట్లాడాలని రెండు ఊళ్ల పెద్దలూ పంచెలు ఎగ్గట్టారు.

"పేట తర్వాతనే ఎవరైనా!"

"మేమేమన్నా మీ కింద బతుకుతున్నమా?"

లోపలి నుంచి పిలుపు వచ్చింది. ఈ జగడంతో లోపలికి పోతే అంతా ఖతం. సరోజన ఆనందం కోటు అంచు లాగింది.

"మీరు మా ఊరి గురించి చెప్పుండ్రి. మీ ఊరి సంగతి నేను చెప్త. ఇగ ఎవరు అలుగుతరో సూద్దాం."

పెద్దలు నోళ్లు తెరిచేలోగా ఇద్దరూ లోపలికి వెళ్లారు. సైదమ్మ ఇంత వయసులో బిందె మోసే తీరు ఆనందం చెప్పాడు. మిల్లు నీళ్ల వాసన గురించి సరోజన చెబుతుంటే, వెనకే వచ్చిన పెద్దల్లో మిర్యాలగూడ మిల్లు యజమాని తల వంచుకున్నాడు.

"ఈయన ఇప్పుడు సూర్యాపేట వకీలా?" అడిగాడు అధ్యక్షుడు.

"ఇయ్యాల్టికి మా వకీలే," అంది సరోజన.

గది నవ్వింది. ఊరి తీర్మానమే చాలనే సవరణను తామే సభలో పెడతామని కమిటీ ఒప్పుకుంది. చలికాలం సమావేశాల్లో ఆ సవరణతోనే బిల్లు పాసైంది. రేడియోలో వార్త వినగానే పేటలో డప్పులు మోగాయి, మిర్యాలగూడలో మిల్లు సైరన్ మోగింది.

సరోజన వార్డులో నల్లా తిప్పే రోజు ఆనందం పిలవకుండానే వచ్చాడు. సైదమ్మ బిందెలో నీళ్లు దూకుతుంటే జనం కేకలు పెట్టారు.

రామచంద్రయ్య అతని భుజం తట్టాడు. "బిల్లు గెలిచినం, నల్లా వచ్చింది. ఇంక ఏం పని మీద వచ్చినవ్ బాబూ?"

"మీ అమ్మాయిని నాకు ఇస్తరా అని అడుగుదామని..."

"ఆయనను అడుగుతరేంది?" సరోజన జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. "నన్ను అడుగుండ్రి!"

"నన్ను చేసుకుంటరా?"

"చేసుకుంట!"

రామచంద్రయ్య పగలబడి నవ్వి, ఇద్దరి చేతులూ కలిపాడు.