రెండుసార్లు రాసిన మందు

ఆ శనివారం ఉదయం కూడా డాక్టరుగారు ఎప్పటిలాగే ఎనిమిదింటికల్లా తెల్లచొక్కా తొడుక్కుని, టీ కప్పు పట్టుకుని ముందుగదిలోకి నడిచాడు. ఇంటి ముందుగదే ఆయన క్లినిక్కు. ముప్ఫై నాలుగేళ్ళుగా ఆ వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి కాలు బెణికినా ఆ గుమ్మమే ఎక్కేవారు. ఆయన చీటీ మీద రాసిన మందుల్ని కౌంటరు దగ్గర కూర్చున్న భార్య కంప్యూటర్లో ఎక్కించేది.

వాళ్ళ ఒక్కగానొక్క కూతురు మాత్రం వంటింట్లోనే నిలబడిపోయింది. నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి తెచ్చిన కాగితాలు ఆమె చేతిలో ఉన్నాయి.

ఆమె ఉద్యోగం ఆరోగ్యశాఖ ఆఫీసులో. చిన్న క్లినిక్కుల్లో డాక్టర్లు రాసే మందుల వివరాలన్నీ నెలనెలా అక్కడికి చేరతాయి. ఎక్కడైనా తేడా కొడితే పట్టుకోవడమే ఆమె పని. తెర మీద ఒక్కో క్లినిక్కు ఒక్కో చుక్క. మామూలుగా చుక్కలన్నీ గుంపుగా ఉంటాయి. ఈ వారం రెండువందల పద్నాలుగో నంబరు చుక్క ఆ గుంపుకి ఆమడ దూరంలో తేలింది. నిద్రమాత్రలు, నొప్పి బిళ్ళలు మిగతా చోట్లకంటే దాదాపు రెట్టింపు. ‘ఎవడో మందుల కంపెనీ దగ్గర బాగానే మేస్తున్నాడు’ అనుకుంది. పై అధికారి కూడా అదే అని, సోమవారానికి ఫైలు సిద్ధం చెయ్యమన్నాడు. ఫైలు కోసం ఆ నంబరు వెనకున్న చిరునామా తెరిచింది.

అది వాళ్ళ ఇల్లే.

ఒంటిగంటకు ఆఖరి పేషెంటు వెళ్ళాక తల్లి వీధితలుపు మూసింది. కూతురు కాగితాల కట్ట పట్టుకుని తండ్రి బల్ల ముందు నిలబడింది.

“నాన్నా, ఇన్ని నిద్రమాత్రలు ఎందుకు రాస్తున్నావు?”

“నిద్ర పట్టనివాళ్ళకి రాస్తున్నానమ్మా. పట్టేవాళ్ళకి రాయమంటావా?” అని నవ్వాడాయన.

“నవ్వులాట కాదు. ఊళ్ళో ఎవరూ రాయనన్ని రాస్తున్నావు. సోమవారం నీ మీద ఫైలు వెళ్తోంది. తయారు చేస్తున్నది నేనే.” “కంపెనీవాళ్ళు నీకు ఏమిస్తున్నారో నాతో అయినా చెప్పు.”

ఆయన కుర్చీ వెనక్కి జరిపాడు. మెల్లగా లేచి నిలబడ్డాడు.

“ఒక కంపెనీవాడు బల్ల మీద పెన్ను మర్చిపోతే బస్టాపుదాకా పరిగెత్తి ఇచ్చొచ్చినవాణ్ణి నేను. నన్నా ఆ మాట అంటున్నావు?”

“ఇంకొక్క మాట మాట్లాడావంటే ఊరుకోను,” అంది తల్లి కౌంటరు దగ్గర్నుంచి.

“ఊరుకోవద్దమ్మా. నువ్వే చూడు. పోయిన నెల మంగళవారం ఒకావిడకి నెలకి సరిపడా నిద్రమాత్రలు రాశాడు. గురువారం మళ్ళీ అవే. శనివారం మళ్ళీ. ఆవిడకి డెబ్భై ఎనిమిదేళ్ళు. డాక్టరు రాశాడు కదా అని మూడు చీటీల మాత్రలూ వేసుకుంది. బాత్రూములో పడి తుంటి విరగ్గొట్టుకుంది. మన వీధి టీచరమ్మే.”

“టీచరమ్మా?” అన్నాడు డాక్టరు. “చాల్లే. టీచరమ్మ నా దగ్గరికి వచ్చి ఏడాది దాటింది.”

అంత ధీమాగా అన్నాడాయన. అబద్ధమాడేవాడి గొంతు కాదది. కూతురు తల్లివైపు చూసింది. తల్లి కౌంటరు అంచు పట్టుకుని నేల చూపులు చూస్తోంది. కూతురికి అనుమానమొచ్చింది. నిన్నటినుంచి ఏ మాట వినాల్సి వస్తుందోనని హడలిపోయిందో, అంతకన్నా పెద్దదేదో ఆ గదిలో ఉంది.

“అమ్మా?”

తల్లి కౌంటరు అంచు వదిలేసింది. చివరికి కుర్చీలో కూలబడింది.

“ఆయనకి గుర్తుండటం లేదే. పొద్దున చూసినవాళ్ళు సాయంత్రం ఎదురుపడితే కొత్తగా అడుగుతారు. రాసిందే మళ్ళీ రాస్తారు. నేను పట్టుకున్నవన్నీ ఎక్కించకుండా చీటీ మీదే కొట్టేస్తూ వచ్చాను. జనం ఎక్కువున్న రోజుల్లో నా కళ్ళు కప్పి కొన్ని పోయాయి. టీచరమ్మవీ అలాగే పోయాయి.”

“ఎందుకు చెప్పలేదు నాకు?”

“చెబితే ఈ కుర్చీలోంచి లేపేస్తారు. లేపేస్తే నాకు మనిషి దక్కడని భయమేసింది. టీచరమ్మ పడిందని విన్న రోజునుంచి ఒక్క ముద్ద సరిగ్గా తింటే ఒట్టు.” అంటూనే ఆమె చేతుల్లో ముఖం దాచుకుంది.

డాక్టరు భార్యనీ కూతుర్నీ మార్చి మార్చి చూశాడు. ఆయన ఒంటికాలి మీద లేస్తాడనుకుంది కూతురు. ఆయన మాత్రం చెయ్యి చాచాడు.

“ఏదీ, ఆ కాగితాలు ఇటియ్యి.”

కళ్ళజోడు సవరించుకుని, రిపోర్టు చదివినట్టే ఒక్కో కాగితం తిప్పాడు. నెలలవారీ గీత దగ్గర వేలు ఆపాడు.

“ఇక్కడిదాకా నిలకడగా ఉంది. ఇక్కణ్ణుంచి ఎక్కింది. అంటే పద్నాలుగు నెలలు.” కాగితాలు బల్ల మీద పెట్టాడు. “ఈ పేషెంటుని ఇంటివాళ్ళు చాలా ఆలస్యంగా తీసుకొచ్చారు.”

తల్లి వెక్కిళ్ళు ఆపుకోలేకపోయింది.

“నిన్ను తప్పుపట్టడం లేదే. నా సర్వీసులో ఇలాంటి ఇళ్ళు ఎన్ని చూశానో. ప్రేమ ఉన్నవాళ్ళే ఎక్కువ దాస్తారు,” అన్నాడు.

కూతురు ఆయన మోకాళ్ళ దగ్గర కూర్చుండిపోయింది. “నిన్ను దొంగవనుకున్నాను నాన్నా.”

“ఈ అంకెలు చూస్తే నేనూ అలాగే అనుకుందును.” ఆమె తల మీద చెయ్యి వేశాడు. “ఫైలు సోమవారం ఇచ్చెయ్యి. ఇది మన ఇల్లని కూడా చెప్పెయ్యి. ఒక్క గీత మార్చకు. నేను ఇంక ఈ కలం పట్టను. కానీ తల్లీ, రెండేసిసార్లు రాసినవి ఎవరెవరి ఇళ్ళల్లో ఉన్నాయో. ముందు వాళ్ళకి ఫోన్లు చెయ్యాలి. ఇప్పుడే.”

అన్నం మాట ఎవరికీ గుర్తులేదు. భార్య కంప్యూటర్లో చూసి పేరు చదివితే, కూతురు నంబరు కలిపి స్పీకరు పెడితే, ఆయన మాట్లాడాడు. మొదట టీచరమ్మకే చేశారు. మంచంలో ఉన్న ఆ పెద్దావిడకి ఆయన ఏదీ దాచలేదు. తన మతిమరుపు వల్లే మూడుసార్లు రాశానని, తుంటి విరగడానికి కారణం తానేనని చెప్పి క్షమించమన్నాడు. ఆవిడ ముందు నిష్ఠూరమాడింది. చివర్లో, “మిమ్మల్ని ఎవరు చూసుకుంటున్నారు?” అని అడిగింది.

ముప్ఫై ఒక్క ఇళ్ళు. కొందరు తిట్టారు, కొందరు నమ్మలేదు, ఒకతను ఫోను పెట్టేశాడు. మళ్ళీ చేసి మరీ చెప్పాడాయన. అయిదింటికి జాబితా అయిపోయింది. భార్య కంప్యూటరు కట్టేసింది.

అప్పుడు డాక్టరుగారు ఏదో తట్టినట్టు ఉలిక్కిపడి, ఫోను దగ్గరికి లాక్కుని తానే నంబరు నొక్కాడు.

“టీచరమ్మగారా? నేను డాక్టర్ని. మీకో మాట చెప్పాలి. పొరపాటు నాదే...”

కూతురు ఫోను అందుకోబోయింది. తల్లి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. అవతల కాసేపు చప్పుడు లేదు.

“చెప్పండి డాక్టరుగారూ,” అంది స్పీకర్లోంచి టీచరమ్మ గొంతు, మొదటిసారి వింటున్నట్టే. “నింపాదిగా చెప్పండి. వింటున్నాను.”