ఆగని ఫ్యాను

చీఫ్ గొంతు తగ్గించాడు. “మన సేఫ్‌హౌస్ ఆచూకీ వాళ్ళకి తెలిసిపోయింది. అక్కడి లైనక్స్ మెషీన్‌లో, సరిహద్దు అవతలున్న మనవాళ్ళందరి పేర్లూ ఉన్నాయి. డిస్క్‌కి తాళం ఉంది. కరెంటు ఉన్నంతసేపూ తాళంచెవి మెమరీలోనే ఉంటుంది. మెషీన్ పూర్తిగా ఆగితే ఆ తాళంచెవి మాయం. వెళ్ళి ఆపు.”

ఏజెంట్ డేగ తలూపాడు.

పక్కనున్న టెక్నీషియన్ అమ్మాయి అందుకుంది. “బాబాయ్, ‘హాల్ట్’ కొడితే సిస్టమ్ ఆగుతుందిగానీ కరెంటు పోదు. ‘పవరాఫ్’ కొట్టాలి. ఒకసారి చూపించనా?”

“నువ్వు పుట్టకముందు నుంచీ ఇలాంటివి ఆపుతున్నానమ్మా.”

ఆమె చెప్పినదాంట్లో సగం అతని చెవిన పడలేదు, పడ్డ సగం బుర్రకెక్కలేదు. ఎనిమిదో తరగతిలోనే బడికి నీళ్ళొదిలిన మనిషి. నోరు తెరిచి అడిగితే ఆ ఎనిమిదో తరగతి బయటపడుతుందని బెదురు. తుపాకీ ముందు కూడా అంత బెదిరేవాడు కాదు.

మధ్యాహ్నానికల్లా ఏసీ మెకానిక్ వేషంలో సేఫ్‌హౌస్‌లో ఉన్నాడు. తోడుగా ఏజెంట్ నెమలి. ఆమె నవ్వితే సెంట్రీలు గేటు మూయడం మరిచిపోతారు.

కీబోర్డు ముందు డేగ వేళ్ళు ఆగిపోయాయి. ఆ పిల్ల ఏది కొట్టమంది, ఏది వద్దంది? చేతి వాచీలో ట్రాన్స్‌మిటర్ ఉంది. బటన్ నొక్కి అడిగితే ఆ పిల్లే చెబుతుంది. కానీ పక్కన నెమలి చూస్తోంది.

‘హాల్ట్’ కొట్టాడు. తెర నల్లబడింది.

“శభాష్ గురువుగారూ! మీరు పదండి, నేను తాళం వేసుకొస్తా.”

మెట్లు దిగాక గుర్తొచ్చింది, పనిముట్ల సంచి పైనే మరిచాడు. వెనక్కి వెళ్ళి తలుపు తోస్తే, నెమలి కేబినెట్ మూత విప్పి కూర్చుంది. ఒక చేతిలో మంచు స్ప్రే, ఇంకో చేతిలో పిస్టల్. లోపల ఫ్యాను గిర్రున తిరుగుతోంది.

“నువ్వా!” అన్నాడు డేగ.

“ఇంకా ఆగలేదు గురువుగారూ. మెమరీని గడ్డకట్టించి పీకేస్తే తాళంచెవి మావాళ్ళదే. ‘హాల్ట్’కీ ‘పవరాఫ్’కీ తేడా నాకు తెలుసు, సరిహద్దు అవతల మావాళ్ళ దగ్గర రోజూ వినేదే. మీరు మాత్రం అడగరని తెలుసు.”

ఆ మాట తూటాకన్నా లోతుగా దిగింది. సంచి విసిరి మీదపడ్డాడు. పిస్టల్ ఉన్న ఆమె మణికట్టు ఒడిసిపట్టి, రెండో చేత్తో పవర్ బటన్ నొక్కాడు. ఫ్యాను ఆగలేదు. వైరు చూస్తే బీరువా వెనక్కి పోయింది, అందదు. గడ్డంతో వాచీ బటన్ నొక్కాడు.

“అమ్మాయ్... నాకు తెలీదే! ఎలా ఆపాలో నాకు తెలీదు!”

నెమలి పకపకా నవ్వింది. అతని చెవులు కాలిపోయాయి.

“హాల్ట్ కొట్టారా బాబాయ్? బటన్ నొక్కి వదిలారా?”

“వదిలానే!”

“మళ్ళీ నొక్కి వదలకండి! అలాగే పట్టుకోండి!”

పట్టుకున్నాడు. స్ప్రే మూతి మెమరీ వైపు తిరిగింది. పిస్టల్ పేలింది, తూటా భుజం చీల్చుకుపోయింది. వేలు మాత్రం కదల్లేదు. తొలి మంచు తుంపర పడేలోగా ఫ్యాను నిట్టూర్చి ఆగిపోయింది.

ఆ ఏడాది శౌర్యపతకం డేగకే వచ్చింది. ఎందుకిచ్చారన్న కాగితం మీద ‘అతి రహస్యం’ అని ముద్ర పడింది. దేశ భద్రత కోసమనుకున్నారంతా. ఆ ముద్ర కోసం చీఫ్ కాళ్ళావేళ్ళా పడింది డేగే.